ఎదురు చక్రం

పోయినవారం మనం పెద్ద సరంగుని రేవు మెట్లమీద ఒంటరిగా కూర్చోబెట్టి వచ్చాం. లాంచీ ముక్కు పగిలింది. రేవు దుంగ ఒకటి విరిగింది. మెట్లమీద నిలబడ్డ ఒకావిడ పడిపోయి చెయ్యి విరగ్గొట్టుకుంది. తల నెరిసేదాకా అదే నది మీద, అదే లాంచీ చక్రం పట్టుకున్న మనిషి, చిన్న పడవ ఒకటి అడ్డం వస్తే తప్పించబోయి, తిప్పవలసిన వైపు వదిలేసి నేరుగా రేవు వైపే తిప్పాడు. ఎందుకలా జరిగిందని అడిగినవాళ్ళందరికీ ఆయన ఒకటే జవాబు చెప్పాడు: "చెయ్యి తప్పింది. బుర్ర కూడా మునుపటిలా లేదు." రేపు విచారణలోనూ ఆ ముక్కే చెప్పి, చక్రం వదిలేసి వస్తానని ఇంట్లో తేల్చేశాడు. ఆయన కూతురికి, సిటీ బస్సు నడిపే ఆవిడకి, ఆ ముక్క గొంతు దిగడం లేదు.

ఆ పొద్దున కూడా దిగలేదు.

ఆమె నడిపే బస్సు పాతది. స్టీరింగు తిప్పాలంటే భుజం నుంచి నడుం దాకా ఒళ్ళంతా కలిసి రావాలి. డిపోలోకి కొత్త బస్సులు వచ్చాయి గానీ, అవి ఎవరికి దక్కాలో వాళ్ళకే దక్కాయి. "మొండిది" అని అందరూ పేరుపెట్టిన ఈ బండి మాత్రం ఆమె చేతికే మిగిలింది.

"దీన్నీ నిన్నూ ఒకే అచ్చులో పోశారక్కా," అంటుంది కండక్టరు పిల్ల, టిక్కెట్లు చింపుతూ. పిల్లంటే పిల్లేం కాదు, ఇద్దరు బిడ్డల తల్లి. కానీ నవ్వు ఇంకా చిన్నపిల్ల నవ్వే.

"అచ్చు ఒకటే అయితే దీనికి నడుం నొప్పి లేదేమే?" అంది ఆమె.

"ఉందక్కా. వింటున్నావుగా, గేరు మార్చినప్పుడల్లా మూలుగుతోంది."

ఆమె నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. వెనక సీట్లో, డ్రైవరుకి ఆనుకుని ఉన్న సీట్లో, నాన్న కూర్చుని ఉన్నాడు. రేవు దగ్గర ఆ సంగతి జరిగిన మర్నాటి నుంచీ ఆయనకి ఇదే పని. పొద్దున్నే ఇంట్లోంచి బయటికొస్తాడు. ఎక్కడికని అమ్మ అడిగితే "ఊరికే" అంటాడు. బజారు మలుపులో కూతురి బస్సు ఎక్కి అదే సీట్లో కూర్చుంటాడు. చివరిదాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగొచ్చి దిగిపోతాడు. మాట లేదు, పలుకు లేదు. ఆమె తలపైనున్న చిన్న అద్దంలో ఆయన మొహం కనిపిస్తూనే ఉంటుంది. ఆ కళ్ళు రోడ్డు మీద ఉండవు. ఆమె చేతుల మీద ఉంటాయి.

ఆస్పత్రి మలుపు దగ్గర బస్సుని కుడికి తిప్పింది. వెనకనుంచి గొణుగుడు.

"కుడికి తిప్పితే కుడికే."

"ఏంటి నాన్నా?"

"ఏం లేదు. నువ్వు ముందుకి చూడు."

తర్వాతి మలుపులో ఎడమకి తిప్పింది.

"ఎడమకి తిప్పితే ఎడమకే," అన్నాడాయన, ఎక్కాలు వల్లెవేసే పసివాడిలా. కుడిచేత్తో మోకాలి మీద, కనపడని చక్రం ఒకటి ఉన్నట్టు, కొంచెం ఎడమకి తిప్పాడు కూడా.

కండక్టరు పిల్ల డ్రైవరు మొహంలోకి చూసి చూపు తిప్పేసుకుంది. ఆ జాలి చూపు ఆమెకి చెంపమీద కొట్టినట్టు తగిలింది. నిజంగానే బుర్ర పోయిందా ఈయనకి? ఏడేళ్ళ పిల్లకి కూడా తెలిసిన విషయాన్ని ఇలా వల్లెవేస్తున్నాడేంటి?

ఏడేళ్ళ పిల్ల అనుకోగానే ఆమెకి తనే గుర్తొచ్చింది. నాన్న ఒళ్ళో కూర్చుని లాంచీ చక్రం పట్టుకున్న తను. చక్రం ఇటు తిప్పితే లాంచీ అటు పోయేది. "ఇదేంటి నాన్నా, ఎడ్డెమంటే తెడ్డెమంటోంది?" అని అడిగితే, "నీళ్ళమీద అంతే తల్లీ. నీళ్ళు అద్దం లాంటివి, అన్నీ ఎదురే" అన్నాడు నాన్న. నమ్మేసింది. పెద్దయ్యాక బస్సు నేర్చుకోవడానికి వెళ్ళినప్పుడు మొదటి వారమంతా చేతులు ఎదురు తిరిగాయి. నేర్పే పెద్దాయన నెత్తి కొట్టుకుని, "ఇది బస్సమ్మా, నీ మొగుడు కాదు, చెప్పినదానికల్లా ఎదురు తిప్పడానికి!" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళతోపాటు ఆమె కూడా నవ్వింది. నీళ్ళకి ఒక పద్ధతి, రోడ్డుకి ఒక పద్ధతి అనుకుని చేతులు మార్చుకుంది. మళ్ళీ ఆ సంగతి తలుచుకోవలసిన అవసరమే రాలేదు.

నది ఒడ్డు రోడ్డు మీద సిగ్నల్ పడింది. బస్సు ఆగింది. కింద నీళ్ళలో ఇసక బోటు ఒకటి ఒడ్డుకొస్తోంది. దానికి పైకప్పు లేదు. నడిపేవాడు నిలబడి చక్రం తిప్పడం పైనుంచి బాగా కనిపిస్తోంది. వాడు చక్రాన్ని కుడికి తిప్పాడు. బోటు కుడికే వచ్చింది.

ఆమె కళ్ళు నులుముకుంది. వాడు మళ్ళీ ఎడమకి తిప్పాడు. ఎడమకే వెళ్ళింది.

వెనక హారన్లు మొదలయ్యాయి. "అక్కా, పచ్చ పడింది!" అంది కండక్టరు పిల్ల. ఆమె గేరు వేసింది. నీళ్ళమీద అంతా ఎదురు కాదన్నమాట. ఎదురుగా తిరిగేది ఒక్క నాన్న లాంచీయే. అది ఎదురుగా తిరిగే లాంచీ అయితే, ఈ మనిషి ఇప్పుడు నా బస్సులో కూర్చుని "కుడికి తిప్పితే కుడికే" అని ఎందుకు నేర్చుకుంటున్నట్టు?

ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి ఒకడున్నాడు. వాడు ఆమె మొగుడే.

*

పొద్దుటి డ్యూటీ దిగి, ఒంటిమీద ఖాకీ చొక్కాతోనే ఆమె బోట్ల యార్డుకి వెళ్ళింది. ఆమె భర్త అక్కడ ఫిట్టరు. చెయ్యి మంచిది, నోరు మంచిది కాదంటారు వాళ్ళ మేనేజరు. నోరు చెడ్డదని కాదు, ఉన్నట్టే తెలియదని. నలుగురు మాట్లాడుతుంటే ఆయన వెళ్ళి ఏదో ఒక బోల్టు బిగిస్తూ ఉంటాడు.

అప్పుడూ అదే చేస్తున్నాడు. ఆమెని చూసి, "క్యారేజీ మర్చిపోయానా?" అన్నాడు.

"క్యారేజీ కాదు. ఒక మాట అడుగుతా, సూటిగా చెప్పండి. మా నాన్న లాంచీ చక్రం కుడికి తిప్పితే లాంచీ ఎటు పోతుంది?"

"అదేం ప్రశ్న? కుడికే."

"ఎప్పట్నుంచి?"

ఆయన జేబులోంచి గుడ్డ తీసి, శుభ్రంగానే ఉన్న చేతుల్ని తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆమె కాపురానికొచ్చిన కొత్తలోనే నేర్చుకున్న పాఠం అది. ఆయన శుభ్రంగా ఉన్న చేతులు తుడుచుకుంటున్నాడంటే లోపల మసి ఉందన్నమాట.

"చెప్పండి."

"మొన్న పెద్ద మరమ్మతుకి వచ్చిందిగా," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "అప్పుడు అడుగు పలకలు ఎత్తి చూశా. చక్రం దగ్గర్నుంచి రెండు వైర్లు వెనక్కి వెళ్ళి చుక్కానికి తగులుకుంటాయి. ఒకటి ఎడమ పక్క, ఒకటి కుడి పక్క. ఈ లాంచీలో రెండూ ఒకదాన్నొకటి దాటి, అటుది ఇటు, ఇటుది అటు కట్టేసి ఉన్నాయి. ఎవడో తాగి బిగించాడనుకున్నా. విప్పి తిన్నగా కట్టేశా."

"మా నాన్నకి చెప్పారా?"

"ఏమని చెప్పను? మామయ్యా, ఇన్నేళ్ళూ మీరు తప్పుగా కట్టిన చక్రంతో నడిపారు, అల్లుడొచ్చి సరిచేశాడు అనా? పట్టుకోగానే ఆయనకే తెలుస్తుందిలే అనుకున్నా."

"తెలిసింది! రేవుకి తెలిసింది, ఆ చెయ్యి విరిగినావిడకి తెలిసింది!"

పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు ఆగాయి. ఆయన గొంతు తగ్గించాడు. "కాస్త మెల్లగా. స్టీరింగు ముట్టుకుంటే ముందు మేనేజరుకి చెప్పాలి, నడిపేవాణ్ణి పక్కన పెట్టుకుని ఖాళీ లాంచీతో తిప్పి చూడాలి. యార్డు పద్ధతి అది. రెండు వైర్ల పనికి ఇంత తతంగం ఎందుకని చెయ్యలేదు. ఇప్పుడు చెప్తే గేటు లోపలికి రానివ్వరు. ఇక్కడే కాదు, స్టీరింగు పాడుచేసిన ఫిట్టరుకి ఏ యార్డులోనూ బోటు అప్పగించరు."

"అందుకని మా నాన్నని మతిలేనివాణ్ణి చేశావా?" ఆమె నోట్లో "మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో ఇద్దరూ గమనించలేదు. "నిన్న ఆయన స్టవ్ ముందు నిలబడి, అగ్గిపుల్ల అమ్మ చేతిలో పెట్టి, 'నువ్వే వెలిగించు, నా చేతుల్ని నమ్మకు' అన్నాడట. ఆవిడ నాకు ఫోను చేసి ఏడ్చింది. ఆ లాంచీని కళ్ళకి గంతలు కట్టినా నడిపే మనిషయ్యా ఆయన! రేపు పదిమంది ముందు నిలబడి నేను పనికిరానని చెప్పబోతున్నాడు. నువ్వు ఇక్కడ బోల్టులు బిగించుకుంటూ కూర్చో!"

ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో గానీ, కళ్ళకింద చర్మం నలిగిన కాగితంలా ఉంది. ఆమెకి ఒక్క క్షణం జాలేసింది. ఆ జాలి మీద మళ్ళీ కోపమొచ్చింది.

"వెళ్ళి మేనేజరుకి చెప్పండి. ఇవాళే. ఏమయితే అదవుతుంది. ఇల్లు గడవదా? నా మొండిదాని మీద నడుస్తుంది."

"లాంచీని ఈ సాయంత్రమే మళ్ళీ వదులుతున్నారు," అన్నాడాయన మెల్లగా. "ముక్కు పలకలు రేవులోనే కట్టి బిగించాం. నేను వెళ్ళి ఆఖరుసారి చూసి రావాలి." రేవు వైపు చూసి, "చూస్తాలే. సాయంత్రంలోగా నేను చెయ్యవలసింది నేను చేస్తా," అన్నాడు.

మేనేజరుతో మాట్లాడతాడని ఆమె అనుకుంది.

*

పుట్టింటి మెట్లెక్కుతుంటే మోకాళ్ళు పీకాయి. సాయంత్రం డ్యూటీకి ఇంకా వ్యవధి ఉంది. ఈ ఒక్క మాట నాన్న చెవిన వేస్తే చాలు, ఆయన మొహంలో మళ్ళీ రక్తం కనిపిస్తే చాలు, తర్వాత మొండిదాని స్టీరింగు మీద తల ఆనించుకుని కాసేపు కళ్ళు మూసుకోవచ్చు.

నాన్న వసారాలో బల్లమీద పడుకుని ఉన్నాడు. చేతులు రెండూ గుండెల మీద. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. లోపల అమ్మ బట్టలు మడతపెడుతోంది.

"నాన్నా, లే. తప్పు నీది కాదు. నీ చెయ్యీ కాదు, నీ బుర్రా కాదు. వైర్లు మార్చేశారు. మా ఆయన మార్చాడు."

ఎగిరి గంతేస్తాడనుకోలేదు గానీ, కనీసం లేచి కూర్చుంటాడనుకుంది. ఆయన కళ్ళు తెరిచి ఆమెని చూసి, "నీకు చెప్పాడా?" అన్నాడు. అంతే.



"నీకు... తెలుసా?"

"యార్డులోంచి లాంచీ బయటికి తీయగానే తెలిసింది. చక్రం అరచెయ్యంత తిప్పానో లేదో, ఇది నా చక్రం కాదే అనుకున్నా. ఎవడో తిన్నగా కట్టేశాడు. ఎవడో ఏంటి, ఆ యార్డులో అంత శుభ్రంగా వైరు కట్టే చెయ్యి ఒకటే."

"మరి అప్పుడే ఎందుకు ఆపలేదు?"

ఆయన లేచి కూర్చున్నాడు. లేవడానికి బల్ల అంచు పట్టుకున్నాడు. "నేను మొదలుపెట్టింది చుక్కాని కర్రతో తల్లీ. చక్రాలూ అవీ అప్పట్లో లేవు. వెనక కూర్చుని కర్రని ఎడమకి నెడితే పడవ కుడికి పోతుంది. సగం వయసు దానితోనే గడిచింది. ఆ తర్వాత చక్రం లాంచీ తెచ్చి ఇచ్చారు. నా చేతులు మారనని మొరాయించాయి. అప్పటి ఫిట్టరు నా స్నేహితుడు. 'చేతుల్ని మార్చడమెందుకు, వైర్లు మారుద్దాం' అని అడ్డంగా కట్టిపెట్టాడు. కంపెనీ వాళ్ళకి తెలియదు. నాదగ్గర నేర్చుకున్నవాళ్ళంతా అలాగే నేర్చుకున్నారు. మాకదే తిన్నని పద్ధతి."

"అది కాదు నేనడిగింది."

"అదే చెప్తున్నా. ఆపితే ఏమడుగుతారు? వైర్లు అడ్డంగా ఎందుకున్నాయి అంటారు. అది నా తప్పు. అడక్కుండా ఎవరు మార్చారు అంటారు. అది అల్లుడి తప్పు. ఇద్దరం పోతాం. దానికంటే, ఇన్నేళ్ళ తర్వాతయినా అందరిలా తిప్పడం నేర్చుకుందామనుకున్నా. ఆలోచించి తిప్పా. పొద్దుట్నుంచీ ప్రతి మలుపూ ఆలోచించే తిప్పా. లోపల ఒకడు 'కుడికైతే కుడికి' అని చెప్తుంటే, వాడి మాట విని తిప్పా. చెమట్లు పట్టిపోయాయి. రేవు దగ్గర ఆ చిన్న పడవ అడ్డం వచ్చింది. అక్కడ ఆలోచించే తీరిక లేదు. చెయ్యి తన పాత దారి తను పట్టుకుంది."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. 

"అందుకా నా బస్సెక్కి కూర్చుంటున్నావు?"

"నీ చేతులు చూసి నేర్చుకుందామనుకున్నా. నువ్వు మార్చుకున్నావుగా చిన్నప్పుడు. నాకు రాలేదు." ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. చక్రం పిడులు ఒరుసుకున్న చోట కాయలు నల్లగా ఉన్నాయి. "అలిసిపోయానే. తప్పు నాదేనని చెప్పేసి దిగిపోతే, నీ కాపురం, వాడి పని, నా పరువు మూడూ ఒడ్డున పడతాయనుకున్నా. పరువు సంగతి పోనీలే. అది ఎటూ ముసలిదే."

"బాగుంది!" అంటూ అమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో సగం మడిచిన దుప్పటి. ఎప్పట్నుంచి వింటోందో. "మొగుడికి మతిపోయిందని నేను రాత్రులు మేలుకుని కాపలా కాస్తున్నా. ఈయనేమో ఒడ్డున పడేస్తున్నాడట! ఈయనకో చక్రం, కూతురికో చక్రం, అల్లుడికి చక్రాలు బిగించే పని. ఈ ఇంట్లో చక్రం లేనిది నాకొక్కదానికే. అందుకే అందరూ కలిసి నన్ను తిప్పుతున్నారు!"

"అబద్ధం ఆడలేదే," అన్నాడు నాన్న.

"మరి ఆ అగ్గిపుల్ల నాటకం?"

"నాటకం కాదు." ఆయన గొంతు ఒక్కసారిగా చిన్నదయిపోయింది. "చెయ్యి నా మాట వినదని ఒకసారి కళ్ళారా చూశాక... స్టవ్ దగ్గర నిజంగానే భయమేసింది."

అమ్మ దుప్పటి బల్లమీద పడేసి ఆయన పక్కన కూర్చుంది. ఆ చేతుల్లో ఒకదాన్ని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది, మడతపెట్టాల్సిన బట్టల్లో అదీ ఒకటన్నట్టు.

కూతురికి ఏడుపు రాలేదు. అంత అలసటలో ఏడుపు కూడా దూరాభారమే. "సాయంత్రం లాంచీ ఎవరు నడుపుతారు?" అని మాత్రం అడిగింది.

"చిన్న సరంగు. నేను నేర్పినవాడేగా."

"అంటే వాడికీ ఎదురు అలవాటే! నాన్నా, వాడికి..."

"నేను అంత మతిలేనివాణ్ణా?" మొదటిసారిగా ఆయన పెదవి మీద నవ్వులాంటిది కనిపించింది. "వాడికి చెప్పా. ఎవరికీ అనకురా, చక్రం ఇప్పుడు తిన్నగా ఉంది, అందరిలా తిప్పు అని. రేవులో కట్టేసిన లాంచీలో కూర్చోబెట్టి సాధన చేయించా. కుర్ర చెయ్యి, తొందరగా మారింది. నాకు రానిది వాడికొచ్చింది. పాత వంతెన స్తంభాల దగ్గర కూడా కళ్ళు మూసుకుని తిప్పుతానన్నాడు."

ఆమె ఊపిరి వదిలింది. రేవు వదలగానే, నీటివాలులో, కూలిన పాత వంతెన రాతి స్తంభాలుంటాయి. లాంచీ ఒడ్డు వదిలిన వెంటనే ఎడమకి ఒడిసి తిప్పకపోతే ప్రవాహం నేరుగా వాటి మీదికి తోసేస్తుంది. అక్కడ ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. ఇప్పుడు చక్రమూ తిన్నగా ఉంది, మనిషీ తిన్నగా తిప్పుతాడు. ఆ బెంగ తీరింది. రేపటి విచారణ సంగతి రేపు.

"నాన్నా, రేపు నువ్వు ఒక్కడివే వెళ్ళొద్దు. ఆయనా వస్తాడు. ఇద్దరూ ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"వాడు రాడు."

"వస్తాడు. సాయంత్రంలోగా చెయ్యవలసింది చేస్తానన్నాడు."

*

సాయంత్రం రెండో ట్రిప్పు. రేవుకెళ్ళే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. ఇన్నాళ్ళూ లాంచీ లేక, చుట్టూ తిరిగి పెద్ద వంతెన మీదుగా ఇళ్ళకి చేరినవాళ్ళు. మొదటి ట్రిప్పులో దింపినవాళ్ళంతా ఎంత సంబరంగా దిగారో! కుట్టుమిషను తల మూటకట్టుకుని తెచ్చిన దర్జీ ఆవిడ దిగుతూ, "డ్రైవరమ్మా, ఇవాళ వెలుతురుండగానే ఇల్లు చూస్తా" అంది. కళ్ళజోడు తాత ఒకాయన ఆవిడకి మూట అందించాడు. వాళ్ళందరూ ఈపాటికి లాంచీలో సర్దుకుని కూర్చుని ఉంటారు.

ఆమె భుజాలు బరువెక్కాయి. మొండిది ఇవాళ మరీ మొండికేస్తోంది. ఇంకో రెండు మలుపులు, ఆ తర్వాత రేవు.

కండక్టరు పిల్ల సంచీలో ఫోను మోగింది. బండి నడిపేటప్పుడు డ్రైవర్ల ఫోన్లు కండక్టర్ల దగ్గరే ఉండాలి.

"అక్కా, బావగారు."

"చెప్పమను. నాకు చెప్పు."

కండక్టరు పిల్ల ఒక చెవి మూసుకుని వింది. "యార్డు నుంచట. మేనేజరుతో మాట్లాడటానికి గుమ్మం దాకా వెళ్ళాడట, నోరు పెగల్లేదట..." అని, మళ్ళీ విని, మొహం విప్పారింది. "కానీ చెయ్యవలసింది చేసేశానని చెప్పమంటున్నాడక్కా. మధ్యాహ్నం రేవుకెళ్ళి వైర్లు విప్పి, మళ్ళీ పాతలాగే అడ్డంగా కట్టేశాడట. ఇక మామయ్య చక్రం మామయ్యకి ఉన్నట్టే, చిన్న సరంగుకీ ఏ ఇబ్బందీ ఉండదు, ఎవరికీ తెలియలేదు, నువ్వు కంగారుపడకు అంటున్నాడు."

ఆమె చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి.

పాతలాగే. అడ్డంగా. చిన్న సరంగుకి మాత్రం నాన్న కూర్చోబెట్టి, అందరిలా తిప్పడం నేర్పాడు.

ఇద్దరూ సరిదిద్దారు. ఒకరికి తెలియకుండా ఒకరు. రెండు సంగతులూ తెలిసిన మనిషి ఈ లోకంలో తనొక్కతే. తనేమో ఇక్కడ, ఈ మొండిదాని మీద, ఇంతమంది జనంతో.

"ఆయన్ని రేవుకి పరిగెత్తమను! లాంచీ కదలకూడదని చెప్పు! చిన్న సరంగుకి ఫోను చెయ్యి!"

"అక్కా, వాడు ఎత్తడం లేదు."

ఎత్తడు. చక్రం దగ్గర ఫోను ఉండకూడదు. అది నాన్న పెట్టిన నియమం.

మొదటి మలుపు తిరిగింది. చెట్ల సందులోంచి నది కనిపించింది. సరిగ్గా అప్పుడే లాంచీ కూత వినిపించింది, పొడుగ్గా ఒకసారి. తాళ్ళు విప్పేముందు వేసే కూత. చిన్నప్పట్నుంచీ ఆ కూత వింటే ఆమెకి నాన్న ఇంటికొస్తున్నట్టు ఉండేది.

"అందరూ గట్టిగా పట్టుకోండి!" అని అరిచింది. బస్సు మామూలుగా ఆగే చోటు ఎడమ పక్క. రేవు మెట్లదాకా దిగే ఏటవాలు దారి కుడి పక్క, బండ్లు దిగకూడదని రాసిన బోర్డు వెనక. అరచెయ్యి హారన్ మీద పెట్టి అలాగే నొక్కి ఉంచి, భుజం నుంచి నడుం దాకా ఒంట్లో మిగిలిన సత్తువంతా పెట్టి, ఆమె స్టీరింగుని కుడికి తిప్పింది.

మొండిది మాట విన్నది. బోర్డుని రాసుకుంటూ కుడికే తిరిగింది.

ముందు అద్దంలో నది మొత్తం పరుచుకుంది. లాంచీ అప్పటికే ఒడ్డు వదిలింది. లోపల దర్జీ ఆవిడ, బస్సు హారన్ విని కాబోలు, ఇటు తిరిగి నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. ఆవిడ వెనక, గాజు పలకలోంచి, చిన్న సరంగు చక్రాన్ని ఎంతో శ్రద్ధగా, నేర్పినట్టే, ఎడమకి తిప్పుతున్నాడు.

లాంచీ ముక్కు మెల్లగా, నింపాదిగా, వంతెన స్తంభాల వైపు తిరిగింది.